ఎరువు వేయని మడి చెప్పిన సాక్ష్యం



విశ్వవిద్యాలయమంటే మనకు ముందుగా మేడలు, గ్రంథాలయాలు, పట్టాలు గుర్తుకు వస్తాయి. ఆ మేడల నట్టనడుమ ఒక మొక్కజొన్న చేను వున్నదనీ, అది 1876 నుంచి యెడతెగకుండా సాగవుతున్నదనీ చెబితే వింతగా వుంటుంది. కాని వున్నది. అమెరికా దేశంలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో, అర్బానా అనే వూళ్ళో వున్నది. దాని పేరు మారో మడులు. ఆ దేశంలో పంటల మీద యింతకాలంగా సాగుతున్న ప్రయోగ క్షేత్రం మరొకటి లేదు.

ఆ చేను కథ యిప్పుడు యెందుకంటారా? ఈ రోజుల్లో యే విశ్వవిద్యాలయాన్ని చూసినా పర్యావరణాన్ని కాపాడుతున్నామని చెప్పుకుంటున్నది. ఇన్ని మొక్కలు నాటాము, ఇన్ని ఇంకుడు గుంతలు తవ్వాము, మేడమీద ఇన్ని సూర్యరశ్మి పలకలు పెట్టాము అని లెక్కలు వేస్తున్నారు. మంచిదే. అయితే ఆ పనుల వల్ల నిజంగా నేలకు, నీటికి, గాలికి మేలు జరిగిందా లేదా అనేది తేల్చడం యెట్లా? చేసిన పని వేరు, మిగిలిన ఫలితం వేరు గదా. ఈ తేడాను పట్టి చూపించే ఉపాయం విశ్వవిద్యాలయాల వాళ్ళకు కొత్తది కాదు. వాళ్ళ పొలాల్లోనే పుట్టింది. దాని చరిత్రే ఈ వ్యాసం.

1862లో అబ్రహాం లింకన్ అధ్యక్షుడుగా వుండగా ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలల కోసం ఒక్కొక్క రాష్ట్రానికి ప్రభుత్వ భూములు యిచ్చినారు. అట్లా 1867లో ఇల్లినాయ్‌లో ఒక విద్యాలయం ఏర్పడినది. అక్కడి నేల నల్లటి నేల. వేల సంవత్సరాలపాటు నిలువెత్తు గడ్డి పెరిగి, చచ్చి, కుళ్ళి, మట్టిలో కలిసిపోయిన నేల. దున్నిన తొలి తరం రైతులకు ఎరువు మాటే అక్కర లేకపోయింది. ఈ సారం తరగదు, తాతల ఆస్తిలాగా తింటూ కూర్చోవచ్చుననే ధీమా చాలామందిలో వుండేది. మన డెల్టాల్లోనూ కొత్తగా కాలువలు వచ్చిన రోజుల్లో యిటువంటి ధీమాయే వుండేదని పెద్దవాళ్ళు చెబుతారు.

మాన్లీ మైల్స్, జార్జి మారో అనే యిద్దరు ఆచార్యులు ఆ ధీమాను నేలమీదనే పరీక్షకు పెట్టినారు. అర యెకరం చొప్పున పది మడులు విడదీసినారు. ఒక మడిలో ఏటేటా మొక్కజొన్నే. మరొక మడిలో ఒక ఏడు మొక్కజొన్న, మరుసటి ఏడు ఓట్స్ అనే ధాన్యం. ఇంకొక దానిలో మొక్కజొన్న, ఓట్స్, ఆ తరువాత క్లోవర్ గడ్డి. క్లోవర్ అనేది మన పిల్లిపెసర, జనుము మాదిరిగా పప్పుజాతి మొక్క. వేరు బుడిపెల్లో వుండే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు తెస్తుంది. ఎరువు యేమీ వేయలేదు. చూడవలసినది పంటల వరస మార్పు ఒక్కటే.

తరువాత విద్యాలయం పెరిగింది. స్థలం కావలసి వచ్చింది. 1903 నాటికి పదింటిలో ఏడు మడులు పోయి మూడే మిగిలినాయి. అవీ చిన్నవయినాయి. చదువుల చోట కూడా పొలానికి అడ్డుపడేది కట్టడాలే అని మనం ఆశ్చర్యపోనక్కర లేదు. నా వుద్యోగంలో కూడా చూస్తూనే వున్నాను, ప్రయోగ క్షేత్రం మీదికి రోడ్డు రావాలంటే యెవరికీ అభ్యంతరం వుండదు.

మిగిలిన ఆ మూడింటికీ విలువ తెచ్చిన మనిషి సిరిల్ హాప్కిన్స్. 1904లో ఆయన ఒక్కొక్క మడినీ విభజించి, కొంత భాగానికి పశువుల ఎరువు, సున్నం, భాస్వరం యివ్వడం మొదలుపెట్టించినాడు. మిగతా భాగానికి యేమీ యివ్వవద్దన్నాడు. ఆ సంవత్సరం నుంచే మట్టి నమూనాలు తీసి దాచడం కూడా మొదలయింది. గాలిలో అంత నత్రజని వుండగా రైతు దానిని డబ్బిచ్చి యెందుకు కొనాలి, పప్పుజాతి పైర్లు వేస్తే చాలదా, నేలలో తక్కువైన సున్నాన్నీ భాస్వరాన్నీ మాత్రం బయటినుంచి తెచ్చి వేస్తే సరి అని ఆయన వాదం. 1910లో భూసారం గురించి ఒక పెద్ద గ్రంథమే రాసినాడు. అందులో శాశ్వత వ్యవసాయమనే మాట వాడినాడు. ఈనాడు మనం ‘సుస్థిర వ్యవసాయం’ అంటున్నదానికి అది అన్నగారి వంటి మాట.

ఫలితాలు యెట్లా వున్నాయంటే, ముప్పై ఏళ్ళు తిరిగేసరికి ఏటేటా మొక్కజొన్న వేసిన మడి దిగుబడి, క్లోవర్‌తో పంట మార్పిడి చేసిన మడి దిగుబడిలో సగమంత అయినది. అదే నేల, అదే వాన, అదే విత్తనం. తరగదనుకున్న సారం ఒక మనిషి జీవితకాలంలోపలే తరిగిపోయింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఎరువు వేయని మడిని పక్కన వుంచుకోకపోతే ఈ తరుగుదల యెవరికీ తెలిసేది కాదు. ఏటికేడు కొంచెం కొంచెంగా తగ్గుతూ వుంటే వాన సరిగా పడలేదనీ, పురుగు తిన్నదనీ సర్దిచెప్పుకుంటాం. 1937లో అన్ని మడులకూ సంకర విత్తనం వచ్చింది. పోల్చే మడి లేకపోతే ఆ విత్తనపు గొప్ప కూడా నేల గొప్పగానే లెక్కలోకి పోయేది.

ఇక 1955లో మరొక మలుపు. అప్పటిదాకా డెబ్బై తొమ్మిదేళ్ళుగా యేమీ తినకుండా పంట యిచ్చిన మడిలో కొంత భాగానికి సున్నంతోపాటు రసాయనిక ఎరువులు, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ వేసినారు. ఆ మొదటి పంటలోనే దిగుబడి యెగిరి లేచింది. ఏళ్ళ తరబడి పెంట తిన్న మడికి దాదాపు దీటుగా వచ్చింది. చూసినవాళ్ళు నేల చావలేదు, ఆకలితో వున్నది, అన్నం పెట్టగానే లేచింది అన్నారు. ఎరువు బస్తా వుంటే చాలు, పెంటా అక్కర లేదు, పంట మార్పిడీ అక్కర లేదు అనే నమ్మకానికి ఆ మడి కూడా ఒక సాక్షి అయి కూర్చున్నది. మన దేశంలోనూ ఆ తరువాతి కాలంలో బస్తాల మీద మోజు యెట్లా పెరిగిందో మీకు వేరే చెప్పనక్కర లేదు.

అయితే సాక్షిని మళ్ళీ ప్రశ్నించే రోజు వచ్చింది. 2007లో అదే విశ్వవిద్యాలయంలోని మృత్తికా శాస్త్రజ్ఞులు ఖాన్, మల్వానీ, మరి యిద్దరు సహచరులు కలిసి ఒక పరిశోధన వ్యాసం ప్రకటించినారు. దాచివుంచిన పాత మట్టి నమూనాలనూ, కొత్తగా తీసిన మట్టినీ పక్కపక్కన పెట్టి సేంద్రియ కర్బనం కొలిచినారు. సేంద్రియ కర్బనమంటే కుళ్ళిన ఆకూ అలమూ పెంటా మట్టిలో మిగిల్చిన సారం. నేలను గుల్లగా వుంచేదీ, తేమ పట్టి వుంచేదీ అదే. దిగుబడి పెరిగింది, చొప్ప కూడా యెక్కువగా నేలలో కలిసింది. మరి కర్బనం పెరగాలి గదా? వాళ్ళ లెక్కలో పెరగలేదు, తగ్గింది. నత్రజని యెరువు మట్టిలోని సూక్ష్మజీవులను రెచ్చగొట్టి, వున్న సారాన్ని యింకా త్వరగా తినిపిస్తున్నదని వాళ్ళ అభిప్రాయం.

ఈ మాట శాస్త్రలోకంలో పెద్ద కలకలమే లేపింది. ఇతర శాస్త్రజ్ఞులు వెంటనే జవాబులు రాసినారు. మీరు పోల్చవలసింది యెరువు వేసిన మడి నిన్నటి స్థితినీ నేటి స్థితినీ కాదు. ఎరువు వేసిన మడినీ, వేయని మడినీ ఒకే రోజున పోల్చండి అన్నారు. అట్లా చూస్తే ఎరువు వేయని మడిలో కర్బనం యింకా తక్కువ వున్నది గనుక, ఎరువు తరుగుదలను తగ్గించిందే గాని పెంచలేదని వాళ్ళ వాదం. దున్నకం మాట యేమిటని కూడా అడిగినారు. ఏళ్ళ తరబడి లోతుగా దున్నే నేలలో సారం గాలి తగిలి కరిగిపోతుంది; ఆ నేరాన్ని ఎరువు నెత్తిన వేస్తే యెట్లా?

ఇందులో పూర్తిగా యెవరిది పైచేయి అనేది నా వంటి డిప్లొమా చదువువాడు తేల్చేది కాదు. కాని ఇరుపక్షాల మాటల్లోనూ రైతుకు పనికివచ్చే సంగతి ఒకటి వున్నది. బస్తా ఎరువు ఒక్కటే ఆ నేల పాత సారాన్ని తిరిగి తేలేదు. దిగుబడి చూసి నేల బాగున్నదని తీర్మానించకూడదు. గాదె నిండినంత మాత్రాన నేల నిండినట్లు కాదు. రెండవ మాట, ఈ వాదన జరగడానికి అవకాశం యిచ్చినది 1904 నాటి మట్టిని యెవరో శ్రద్ధగా దాచివుంచడం. ఆ నమూనాలే లేకపోతే రెండు పక్షాలకూ నోటిమాట తప్ప మరేమీ మిగిలేది కాదు.

ఇటువంటి ముసలి పొలాలు అమెరికాలో మరికొన్ని వున్నాయి. మిస్సూరి విశ్వవిద్యాలయంలో 1888లో మొదలయిన శాన్‌బర్న్ క్షేత్రం ఒకటి. నూరేళ్ళ తరువాత అక్కడ పైమట్టి మందం కొలిచినారు. ఎడతెగకుండా గడ్డి పెరిగిన మడిలో వున్న పైమట్టితో పోలిస్తే, ఏటా మొక్కజొన్న వేసిన మడిలో నూటికి 44 వంతులే మిగిలింది. పంట మార్పిడి చేసిన మడిలో 70 వంతులు మిగిలింది. మిగతాది వాననీటితో పోయింది. ఆ గడ్డి మడికి మన తెలుగువాళ్ళతో చిత్రమైన బంధుత్వం కూడా వున్నది. అక్కడినుంచి విలియం ఆల్బ్రెక్ట్ అనే ఆచార్యుడు పంపిన మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచే అరియోమైసిన్ అనే మందు పుట్టింది. దానిని కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ లెడర్లీ పరిశోధనాలయంలో పనిచేసేవాడు. ఆ పరిశోధనాలయానికి అప్పుడు అధిపతి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1948లో ఆ మందు లోకానికి వెల్లడయింది. అదే ఏడు ఆయన కన్నుమూసినారు.

అలబామాలోని ఆబర్న్‌లో 1896 నుంచి పత్తి మీద జరుగుతున్న ప్రయోగం మరొకటి. పత్తి తీసిన తరువాత చలికాలంలో పప్పుజాతి పచ్చిరొట్ట పైరు పెంచి నేలలో కలిపితే, కొని వేసే నత్రజనికి దీటుగా పత్తి పండుతుందని అక్కడ యేళ్ళ తరబడి రుజువు చేసినారు. గుంటూరు, వరంగల్లు వైపు పత్తి రైతులు వినవలసిన మాట యిది. అయితే వాళ్ళకు చలికాలంలో వాన కురుస్తుంది, మనకు కురవదు. ఆ తేడా చెప్పకుండా ఉపదేశం చేయడం న్యాయం కాదు.

మళ్ళీ ఇల్లినాయ్‌కి వద్దాం. 1968లో మారో మడులను ఆ దేశ ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. అదే కాలంలో విద్యార్థులకు ఒక పెద్ద గ్రంథాలయం కట్టవలసి వచ్చింది. స్థలం ఈ మడుల పక్కనే. నేలమీద మేడ లేపితే దాని నీడ పైరు మీద పడుతుంది. నీడ పడితే అంతకు ముందటి లెక్కలన్నిటితోనూ పోలిక చెడిపోతుంది. అందుకని గ్రంథాలయాన్ని నేల క్రింద కట్టినారు. 1969లో తెరిచినారు. మొక్కజొన్నకు యెండ తగలడం కోసం పుస్తకాలు పాతాళానికి దిగినాయన్నమాట! 2022లో ఆ భవనంలో విద్యార్థుల గ్రంథాలయం మూతపడింది. మడుల్లో సాగు ఆగలేదు.

ఇదే విశ్వవిద్యాలయం 2008లో వాతావరణాన్ని కాపాడతామని ఇతర విద్యాలయాలతోపాటు ప్రతిజ్ఞ పత్రం మీద సంతకం చేసింది. 2010లో ఒక ప్రణాళిక వేసుకున్నది. బొగ్గూ గ్యాసూ కాల్చడం వల్ల తాము గాలిలోకి వదిలే కర్బనపు లెక్కను 2050 లోపల సున్నకు తెస్తామని దాని సారాంశం. 2015 చివర సుమారు 21 యెకరాలలో సూర్యరశ్మి పలకలు పరిచినారు. దానివల్ల ఆవరణకు కావలసిన కరెంటులో నూటికి రెండు వంతుల వరకు వస్తున్నదన్నారు. 2021లో 54 యెకరాలలో మరొకటి వచ్చింది; అందులో తేనెటీగలకు పనికివచ్చే పూల మొక్కలకు కూడా చోటిచ్చినారు.

ఇప్పుడు ఈ పనులకు మార్కులు వేయమంటే యెట్లా వేయాలి? కరెంటు సంగతి సులభం. మీటరు వున్నది, యెంత వచ్చిందో అది చెబుతుంది. మీటరు లేని విషయాల దగ్గరే చిక్కు. పలకల క్రింది నేలలో సారం పెరుగుతున్నదా, తరుగుతున్నదా? అదే వూళ్ళో పలకలు లేని చేను పక్కన వుంటేనే చెప్పగలం. నాటిన పూలకు తేనెటీగలు వచ్చినాయంటే, నాటకముందు యెన్ని వచ్చేవో యెవరైనా లెక్కించి వుండాలి.

అమెరికాలో 2010 నుంచి విద్యాలయాలకు యిటువంటి పనుల మీద మార్కులు వేసే పద్ధతి ఒకటి నడుస్తున్నది. ఇండోనీసియా విశ్వవిద్యాలయం కూడా అదే 2010లో ప్రపంచంలోని విద్యాలయాలకు వరస సంఖ్యలు యివ్వడం మొదలుపెట్టింది. రెండింటిలోనూ లెక్కలు పంపేది ఆ విద్యాలయమే. తన పంటను తానే తూచుకున్నట్లు. తూకం తప్పని నేననను. నిజాయితీగా తూచేవాళ్ళూ వుంటారు. కాని ఆ పట్టికల్లో చాలా ప్రశ్నలు ‘మీకు ప్రణాళిక వున్నదా, సంఘం వున్నదా, పాఠం చెబుతున్నారా’ అనే తీరులో వుంటాయి. వీటికి అవునని జవాబు రాసినంత మాత్రాన ఒక బిందెడు నీరు మిగిలినట్లు కాదు. మన దేశంలో 1950లో మున్షీగారు వనమహోత్సవం ప్రారంభించిన నాటినుంచి మనకూ ఈ జబ్బు వున్నది. ఎన్ని మొక్కలు నాటినామో ప్రతి కార్యాలయంలోనూ లెక్క వుంటుంది. మూడేళ్ళ తరువాత యెన్ని బ్రతికినాయో అడిగితే దస్త్రాలు వెతకవలసిందే.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఈ ఇల్లినాయ్ దూరపు చుట్టం కాదు. 1956లో ఆ విశ్వవిద్యాలయపు హానా అనే ఆచార్యుడు భారతదేశానికి గ్రామీణ విశ్వవిద్యాలయపు నమూనా ఒకటి తయారుచేసి యిచ్చినాడు. ఆ త్రోవలోనే 1960లో పంత్‌నగర్‌లో మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1964లో రాజేంద్రనగర్‌లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినది. దానికి చేయూత యిచ్చినది కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం. చదువూ, పరిశోధనా, విస్తరణా ఒక్క గొడుగు క్రింద వుండాలనే ఆలోచన అక్కడినుంచి వచ్చినదే. నా వుద్యోగం కూడా ఆ మూడవ కొమ్మకు కాసిన కాయే.

అంతమాత్రాన శాశ్వత మడుల పద్ధతిని మనం వాళ్ళను చూసి ఆలస్యంగా నేర్చుకున్నామని అనుకోవద్దు. కోయంబత్తూరులో 1909లోనే శాశ్వత ఎరువుల ప్రయోగం మొదలయింది. 1945లో బాపట్ల కళాశాల వచ్చేదాకా మన కోస్తా, రాయలసీమ పిల్లలు వ్యవసాయ విద్యకు ఆ కోయంబత్తూరే వెళ్ళేవారు. 1970లో భారత వ్యవసాయ పరిశోధన మండలి దేశమంతటా దీర్ఘకాల ఎరువుల ప్రయోగాలు ఆరంభించింది. ఆ వరసలోనే జగిత్యాలలో వరి తరువాత వరి వేసే మడుల్లో 2000 నుంచి ప్రయోగం నడిచింది. ఈ ప్రయోగాలన్నిటిలోనూ మొత్తం మీద తేలినది యేమిటంటే, నత్రజని ఒక్కటే వేసిన మడి కొన్నేళ్ళకు దిగజారుతుంది. సమంగా ఎరువులు వేసి, దానికి తోడు పశువుల పెంట కూడా వేసిన మడి నిలకడగా నిలుస్తుంది. ప్రతిచోటా యేమీ వేయని మడి ఒకటి పక్కనే బక్కచిక్కి నిలబడి వుంటుంది. చూడవచ్చిన రైతులు దానిని చూసి జాలిపడుతుంటారు. అసలు పని చేస్తున్నది అదే.

ఇక మీ చేను సంగతి. యెకరంలో అయిదు సెంట్లు యెరువు వేయకుండా వదలండి అంటే, ‘అయిదు సెంట్ల పంట వూరికే పోగొట్టుకోమంటారా సారూ’ అని అడుగుతారు. పూర్తిగా పోదు, తగ్గుతుంది. ఆ తగ్గినదానితో మీరు కొంటున్నది ఒక లెక్క. బస్తాకు పెట్టిన డబ్బు గింజగా తిరిగి వస్తున్నదా లేదా అనే లెక్క అది. పచ్చిరొట్ట వేసి చూడాలనుకునేవాళ్ళు మరొక అయిదు సెంట్లలో జీలుగ గాని జనుము గాని చల్లి, పూత దశలో కలియదున్నితే మూడు రకాల మడులు ఒక్క చేలోనే వుంటాయి.

గట్టు పక్కన, చెట్టు నీడలో, నీరు నిలిచే పల్లంలో ఈ మడులు పెట్టవద్దు. మాగాణి అయితే చుట్టూ చిన్న గట్టు వేసి, ఎరువు వేసిన మడి నీరు యిందులోకి రాకుండా కాలువ నుంచి వేరుగా నీరు పెట్టండి. విత్తనం, నాటు తేదీ, కలుపు తీత అన్నిటికీ ఒక్కటే. కోతనాడు ఒక్కొక్క మడి నడుమ ఒక్క సెంటు కొలిచి, వేరుగా కోసి, నూర్చి, ఆరబెట్టి తూయండి. ఆ తూకాన్ని నూరు పెట్టి గుణిస్తే యెకరం దిగుబడి. దానిని పిల్లల నోటు పుస్తకంలో తేదీతో సహా రాయించండి. వేసవిలో దుక్కికి ముందు ప్రతి మడిలోనూ ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు వరకు మట్టి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారవేస్తూ అర కిలో మిగిల్చి పరీక్షకు పంపండి. సేంద్రియ కర్బనం కూడా చూడమని చీటీలో రాయండి. అందులోంచి ఒక దోసెడు మట్టిని నీడలో ఆరబెట్టి, సీసాలో పోసి, మూతమీద సంవత్సరం రాసి అటకమీద వుంచండి. ఆ మడులకు నాలుగు మూలలా రాళ్ళు పాతండి. కౌలుదారు మారినా, పంట మారినా ఆ రాళ్ళు కదలకూడదు.